ఎండబూర ఆగిపోయిన కొండ

డిసెంబరు 12

బెజవాడలో గవ్వలకొండ మీద చలువశాల కాపలా నా పని. ఎండాకాలంలో ఎండ హెచ్చరిక బూర మోగిందంటే కొండ మీద జనమంతా పొద్దున పదింటిలోపు ఇక్కడికి చేరాలి. సాయంత్రం దాకా బయటికి అడుగు పెట్టకూడదు. అలా బయట తిరిగినవాళ్లు చాలామంది బతికి రాలేదు కనుక ఇప్పుడెవరూ మారు మాట్లాడరు. ఎవరొచ్చారో, ఎంత ఎండ కాసిందో రోజూ రాసి ఉంచమని కార్పొరేషన్ వాళ్లు నాకు ఈ చిట్టా ఇచ్చారు. చలికాలంలో రాయడానికేమీ ఉండదు. కానీ ఇవాళ రాయకుండా ఉండలేకపోతున్నాను.

మా కొండకి వాలు లిఫ్టు వచ్చింది.

దీనికోసం మేం తిరగని ఆఫీసు లేదు. మా అత్త నిండు బిందెతో మెట్ల మీద జారి, మళ్లీ లేవలేదు. నొప్పులొచ్చిన ఆడవాళ్లని నులకమంచాల మీద దించుకున్నాం. కింద జాగా కొనే తాహతు లేక, ఎవరికీ అక్కర్లేని ఈ రాళ్ల మీదికి మా తాతలు ఎక్కారు. ఇన్నాళ్లకి అద్దాల పెట్టె ఒకటి పట్టాల మీద జారుకుంటూ మా గడపల దాకా వచ్చింది.

అందరికంటే పైన ఉండేది ఆదెమ్మ మామ్మ. తుంటి విరిగినప్పటి నుంచీ కొండ దిగలేదు. మామ్మ ఇంటికి కిందిల్లు మీరాబిది. బట్టలు కుడుతుంది, అద్దెకుంటుంది, నాకు తోబుట్టువుల కంటే ఎక్కువ. దాని కింద నా ఇల్లు, ఆ కింద చలువశాల. మీరాబీ నేనూ చెరో రెక్కా పట్టుకుని మామ్మని లిఫ్టు ఎక్కించాం. అది కదలగానే మామ్మ కళ్లు గట్టిగా మూసుకుంది.

"మామ్మా, కళ్లు తెరువు. కృష్ణ కనపడతంది చూడు," అంది మీరాబి.

"కింద నేలుందా లేదా ముందది చెప్పవే," అంది మామ్మ.

నది ఒడ్డుకి తీసుకెళ్లాం. నీళ్లలో కాళ్లు పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. మిరపకాయ బజ్జీలు కావాలంది, కారమని తిట్టుకుంటూనే తినేసింది. మీరాబి నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు లిఫ్టులో కొత్త మొహాలు కనిపించాయి. మంచి బూట్లు, చేతుల్లో కొలతలు తీసే యంత్రాలు. మేం కిందికి నది వైపు చూస్తుంటే వాళ్లు పైకి మా ఇళ్ల వైపు చూస్తున్నారు.


జనవరి 23

కింద ఊరు ఏటేటా మునుగుతోంది. కాలువగట్ల పక్కన మేడలు కట్టుకున్నవాళ్లు పడవల్లో తిరిగి తిరిగి విసిగిపోయారు. వాళ్లకి ఎత్తైన నేల కావాలి. మెట్లెక్కలేక ఇన్నాళ్లూ మా వైపు చూడలేదు, ఇప్పుడు లిఫ్టుంది.

ఇళ్ల పట్టాలున్నవాళ్లు కొందరు అమ్ముకున్నారు. వాళ్లని తప్పుపట్టను. పిల్లల చదువులుంటాయి, రోగాలుంటాయి. అద్దెకున్నవాళ్లనైతే అడిగే దిక్కే లేదు. అప్పడాలు చేసే అక్కచెల్లెళ్లు వెళ్లిపోయారు. మేస్త్రీ నూకరాజు కుటుంబం వెళ్లిపోయింది. అందరూ బుడమేరు వాగు అవతల కొత్తగా వేసిన రేకుల కాలనీకే. ఇక్కడ ఖాళీ అయిన ఇంటిని పొద్దున కూల్చితే సాయంత్రానికి యంత్రమొకటి వచ్చి కూర్చుంటుంది. కేకు మీద క్రీము పోసినట్టు గోడలు పోసేస్తుంది. వారం తిరిగేసరికి తెల్లటి ఇల్లు.

ఇవాళ మీరాబి వచ్చి నా గుమ్మంలో కూర్చుంది. ఎప్పుడొచ్చినా పనితోనే వస్తుంది, కాజాలో బొత్తాలో చేతిలో ఉంటాయి. ఇవాళ వట్టి చేతులు.

"ఇల్లు బేరం కుదిరిందంట వదినా. నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నాడు."

"ఇంకెక్కడైనా కొండ మీదే చూద్దాం లేవే," అన్నాను.

"ఎక్కడ చూస్తావు? ఉన్నవన్నీ వాళ్లవే."

నా ఇల్లు ఒక్క గది, ఒక వంటపంచ. అయినా వచ్చి ఉండమన్నాను. కుట్టుమిషను ఎక్కడ పెడతావని నవ్వింది. తన కూతురూ ఆ పిల్ల బిడ్డా కూడా ఉన్నారు. అది కుదిరే పని కాదని ఇద్దరికీ తెలుసు.


ఫిబ్రవరి 2

మీరాబి వెళ్లిపోయింది.

సామాను లిఫ్టులో దించుకోనిచ్చారు, అదొక్కటే సుఖం. మిషను నేనే పట్టుకున్నాను. లిఫ్టు దగ్గర నా చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది.

"మామ్మకి చెప్పలేదు వదినా. మిషను బాగుచేయించుకొస్తానని చెప్పి వచ్చేశా."

"ఎన్నాళ్లు దాస్తావే?"

"నువ్వే చెప్పు. నా నోట రాదు. మధ్యాన్నం అన్నంలో మజ్జిగ ఎక్కువ పొయ్యి. కూర కారం తగ్గించు, ఎంత అడిగినా వెయ్యొద్దు. బూర మోగితే మాత్రం అందరికంటే ముందు ఆవిడే. మామ్మ నీ పూచీ."

"నా పూచీ," అన్నాను.

ఎండాకాలంలో మా పద్ధతి ఒకటుండేది. బూర మోగగానే మీరాబి పైకెళ్లి మామ్మని లేపి, దారి పొడవునా ప్రతి గడపలోనూ కేకేసుకుంటూ దిగేది. ఆ గొంతుకి చెవిటివాళ్లు కూడా లేచేవాళ్లు. వాళ్లు నా ఇల్లు దాటేసరికి నేను చలువశాల తలుపులు తీసి, నీళ్లు నింపి ఉంచేదాన్ని. లోపల ఒకటే సందడి. అష్టాచెమ్మా ఆడేవాళ్లు, చింతపండు పిక్కలు తీసేవాళ్లు, పసిపిల్లలకి ఉయ్యాలలు. ఎండ భయం ఎవరికీ గుర్తుండేది కాదు.

సాయంత్రం మామ్మకి అన్నం పట్టుకెళ్లాను. తిని, చెయ్యి కడుక్కుని అడిగింది.

"మీరా ఇంక రాదు కదే?"

రాదని చెప్పాను. గోడవైపు తిరిగి పడుకుంది.


మార్చి 11

మీరాబి ఇంటి చోట తెల్ల ఇల్లు లేచింది. దాంట్లోకి ఒక జంట దిగింది. అమ్మాయి పేరు నిహారిక, ఇంట్లోనే కూర్చుని ఏదో కంపెనీకి పని చేస్తుంది. మొగుడిది ఎక్కువగా ఊళ్లు తిరిగే ఉద్యోగం.

ఆ పిల్లని ద్వేషించాలనే అనుకున్నాను. వచ్చిన మర్నాడే పూతరేకుల పొట్లం పట్టుకుని నా గుమ్మంలోకి వచ్చింది. చెప్పులు బయట విడిచి కింద కూర్చుంది.

"మా ఇంటి ప్లేస్‌లో ఇంతకుముందు ఏముండేది ఆంటీ?"

"మీరాబి ఉండేది."

వెళ్లేటప్పుడు, "మాకు ఖాళీ స్థలమనే చెప్పారు ఆంటీ," అంది. అబద్ధం చెబుతున్నట్టు అనిపించలేదు.


ఏప్రిల్ 6

కొత్తగా వచ్చినవాళ్లంతా నివాసుల సంఘం పెట్టుకున్నారు. చలువశాలని దత్తత తీసుకున్నామన్నారు. నన్ను ఉద్యోగంలో ఉంచారు. లోపల మెత్తటి కుర్చీలు, పని చేసుకునే బల్లలు వేశారు. గోడకి 'నిశ్శబ్దం పాటించండి' అని బోర్డు తగిలించారు. ఉయ్యాల కొక్కాలు పీకేశారు.

ఇవాళ మీటింగు జరిగింది, బూర గురించి. మొన్న మొదటిసారి మోగినప్పుడు పసిపిల్లలు ఉలిక్కిపడ్డారట, కుక్కలు బెదిరాయట. బూర ఆపించెయ్యాలని అందరూ సంతకాలు పెట్టారు. నేను లేచి నిలబడ్డాను.

"బూర లేకపోతే ఎండొచ్చిందని ఎట్లా తెలుస్తుందండీ?"

సంఘం అధ్యక్షుడు మర్యాదస్తుడు. మెల్లగానే చెప్పాడు. "ఫోన్‌కి మెసేజ్ వస్తుంది కదమ్మా. అందరికీ ఫోన్లున్నాయి."

"ఆదెమ్మ మామ్మకి లేదండీ."

"అంతేనా? ఆమెకి ఒకటి సంఘం తరఫున ఇద్దాం."

మధ్యాన్నానికే తెచ్చి ఇచ్చారు. అది తనంతట తానే మాట్లాడుతోందని మామ్మ దాన్ని బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించింది. తీసి ఇస్తే మళ్లీ పెట్టింది.

చలువశాల తెరవాల్సింది నేను. నేను పైకి వెళ్లి మామ్మని దింపుకొస్తే తలుపులు తీసేవాళ్లుండరు. ఏం చెయ్యాలో తోచక సాయంత్రం చలువశాల బయట నిలబడి ఉంటే నిహారిక వచ్చింది.

"నేను తీసుకొస్తాను ఆంటీ. పక్కిల్లే కదా. మెసేజ్ రాగానే వెళ్తాను, ప్రామిస్."


ఏప్రిల్ 28

బూర ఆగిపోయింది. నిహారిక మాట నిలబెట్టుకుంటోంది. మెసేజ్ వచ్చిన ప్రతిసారీ పెద్ద గొడుగేసుకుని మామ్మని నడిపించుకొస్తోంది. ఇవాళ ఇద్దరూ తడిసిన తువ్వాళ్లు నెత్తిన వేసుకుని వచ్చారు.

"ఈ పిల్లకి నడవడం రాదే కరుణా. పరుగే. నన్ను గాలిపటంలా ఎగరేసుకొచ్చింది," అంది మామ్మ. గట్టిగానే అంది. బల్లల దగ్గరున్నవాళ్లు తలెత్తి బోర్డు వైపు చూశారు.

సాయంత్రం మీరాబికి ఫోన్ చేసి అంతా చెప్పాను. వాళ్ల కాలనీలో చలువశాల ఇంకా కట్టలేదట. కిటికీలకి గోనెపట్టాలు కట్టి, నీళ్లు చల్లుకుంటూ కూర్చుంటున్నారట. మనవడికి ఒళ్లంతా చెమటకాయలు. అంతా చెప్పి చివర్లో అడిగింది.

"ఆ అమ్మాయి లేని రోజు?"

"నేనున్నాగా," అన్నాను.


మే 19

ఇవాళ్టిది ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున్నే మెసేజ్ వచ్చింది, ఈ ఏడాదికి ఇదే పెద్ద ఎండ అని. తలుపులు తీశాను. మా చలువశాలని చూడ్డానికి వేరే ఊరి నుంచి సంఘం వాళ్ల అతిథులు వచ్చారు. వాళ్లకి కుర్చీలు సర్దాను, నీళ్లిచ్చాను. వేళ దాటుతోంది, మామ్మ రాలేదు. నిహారికకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఒక చేతిలో గొడుగు, ఒక చేతిలో మామ్మ, ఫోనెలా ఎత్తుతుందిలే అనుకున్నాను. కాసేపాగి మళ్లీ చేశాను. ఎత్తలేదు.

బయటికి వెళ్లబోతుంటే అధ్యక్షుడు ఆపాడు. "ఈ వేళప్పుడు కాపలా మనిషి తలుపు వదిలి వెళ్లకూడదు కదమ్మా. వాళ్లొచ్చేస్తుంటారు." ఆ నియమం ఆయన పెట్టింది కాదు. పాతరోజుల్లో మేమే పెట్టుకున్నాం. ఇంకాసేపు చూద్దామని ఆగాను.

తర్వాత ఆగలేకపోయాను. దుప్పటి తడిపి కప్పుకుని మెట్లెక్కాను. చెప్పుల్లోంచి మెట్లు కాలుతున్నాయి. ఒక్కో మెట్టూ పొయ్యి మీద పెనంలా ఉంది. దారిలో ఒక్క ఇంటి తలుపూ తెరిచి లేదు. అన్నీ తెల్లగోడలు, మూసిన అద్దాలు, లోపల చల్లటి గదులు. ఒక్కరిని పిలుద్దామన్నా ఏ ఇంట్లో ఎవరుంటారో నాకు తెలియదు.

మామ్మ ఇంటి దాకా ఎక్కక్కర్లేకపోయింది. ఆవిడ నిహారిక ఇంటి గుమ్మంలోనే ఉంది. మెట్టు మీద కూర్చుని గోడకి ఆనుకుని ఉంది, కునుకు తీస్తున్నట్టు. ఆ ఇంటిని చల్లబరిచే యంత్రం లోపలి వేడినంతా బయటికి తోస్తుంది. దాని గొట్టం ఆ గుమ్మం పక్కనే ఉంది. ఆ వడగాలికి మామ్మ తెల్ల జుట్టు ఎగురుతోంది. చెయ్యి పట్టుకున్నాను. గోడకీ ఆ చేతికీ తేడా తెలియలేదు.

రెండు చేతులతో తలుపు బాదాను. ఎప్పటికో తెరుచుకుంది. లోపలి చల్లగాలి నా మొహానికి కొట్టింది. నిహారిక జ్వరంతో తూలుతోంది. రాత్రి నుంచీ జ్వరమట, మాత్ర వేసుకుని పడుకుందట. ఎండరోజున ఆ ఇల్లు తనంతట తానే బిగుసుకుంటుంది. బయటి చప్పుడు కూడా లోపలికి రానివ్వదు.

మామ్మని లోపలికి లాగాం. నీళ్లు చల్లాం, మంచుగడ్డలు పెట్టాం. డాక్టరుకి ఫోన్ చేశాం. ఏమేం చేశామో వరసగా గుర్తు లేదు. మామ్మ లేవలేదు.

తలుపు మీద కెమెరా ఉంది. సాయంత్రం నిహారిక అందులో చూసి నాకు చెప్పింది. మామ్మ గోడ పట్టుకుంటూ ఒక్కతే దిగి వచ్చి అరచేత్తో తలుపు తట్టింది. "అమ్మాయ్... అమ్మాయ్..." అని పిలిచింది. పేరు ఆవిడ నోటికి తిరగదు. కొంచెం ఆగి మళ్లీ తట్టింది. తర్వాత కూర్చుంది.


మే 20

శవాన్ని లిఫ్టులో దించనివ్వలేదు. చిన్నపిల్లలు చూస్తారని అన్నారు. వెళ్లిపోయినవాళ్లందరికీ కబురు పెట్టాను, తెల్లారకుండానే వచ్చారు. లిఫ్టెక్కాలంటే కొండ మీదివాళ్లకిచ్చే కార్డుండాలి, వాళ్లెవరి కార్డులూ ఇప్పుడు పనిచెయ్యలేదు. మెట్లెక్కే వచ్చారు. నూకరాజు, ఇంకో ముగ్గురు కలిసి మామ్మని ఆ మెట్ల మీదుగానే మోసుకుని దిగారు. నది ఒడ్డున నిప్పు పెట్టారు.

అంతకుముందు మామ్మకి నీళ్లు పోసింది మీరాబే. నన్ను సాయం రానివ్వలేదు. జుట్టు దువ్వి, ముడి పెట్టి, తను కుట్టిన తెల్ల జాకెట్టు తొడిగింది.

అన్నీ అయ్యాక మళ్లీ కొండెక్కి, మామ్మ ఇంటి తలుపుకి తాళం వేసి, దిగుతూ నా గుమ్మం దగ్గర ఆగింది. నేను మొత్తం చెప్పాను. అతిథులు, కుర్చీలు, ఫోన్ ఎత్తకపోవడం, నేను ఆగిపోవడం. ఏదీ దాచలేదు. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. తల వంచుకుని విన్నది.

"కాసిని మంచినీళ్లు తాగుతావా మీరా?" అని అడిగాను.

"వద్దండీ. మీకెందుకు శ్రమ," అంది.

చెప్పులేసుకుంది.

"వెళ్లొస్తానండీ కరుణమ్మగారూ."

ముప్పయ్యేళ్లుగా నన్ను వదినా అని తప్ప పిలవని మనిషి. మెట్లు దిగుతుంటే చూస్తూ నిలబడ్డాను.


జూన్ 30

మామ్మకి ఒక తమ్ముడి కొడుకున్నాడట, ఎప్పుడూ చూసిన మొహం కాదు. వచ్చి సంతకం పెట్టి వెళ్లాడు. ఆ మర్నాడే ఇల్లు కూల్చారు. అక్కడ ఎవరూ ఇల్లు కట్టడం లేదు. కొండకొస కదా, నది వంపంతా కనబడుతుంది. సాయంత్రాలు కూర్చోవడానికి చెక్క అరుగులు కడుతున్నారు.

బూర మళ్లీ పెట్టమని కార్పొరేషన్‌కి వెళ్లి అడిగాను. అక్కడున్న ఆయన కంప్యూటర్లో చూసి, "మీ కొండ మీద ఫోన్ లేనివాళ్లు ఇప్పుడెవరూ లేరమ్మా," అన్నాడు. నిజమే, ఇప్పుడెవరూ లేరు.

ఇవాళ నిహారిక వచ్చింది. ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోతున్నారు. కింద కూర్చుని నా మోకాళ్ల మీద తల పెట్టుకుంది.

"ఒక్కసారి తిట్టండి ఆంటీ."

నా వల్ల కాలేదు. పూచీ పడింది నేను. ఆ పిల్ల పరాయి ఊరి నుంచి వచ్చి, తనకేమీ కాని ముసలావిడకి ఎండాకాలమంతా గొడుగు పట్టింది. ఒక్కరోజు జ్వరం వచ్చింది. ఒకప్పుడు మా కొండ మీద ఒకరికి జ్వరమొస్తే పిలిచే గొంతులు ఇంకో పది ఉండేవి. అది ఆ పిల్లకి తెలియదు.

"ఆ అరుగులకి ఆదెమ్మగారి పేరు పెట్టమని రాసిచ్చాను ఆంటీ. ఒప్పుకున్నారు," అంది వెళ్తూ.


ఆగస్టు 8

బుడమేరు అవతల కాలనీలో చలువశాల కట్టడం పూర్తయింది. అక్కడికి వేయమని నేను అర్జీ పెట్టుకున్నాను. బదిలీ ఉత్తర్వు వచ్చింది. రేపు ఈ తాళాలు, ఈ చిట్టా కొత్త మనిషికి అప్పగించాలి. మీరాబికి ఇంకా చెప్పలేదు. చెప్పినా ఏమంటుందో తెలియదు. ఆ కాలనీలోనే, వాళ్ల పక్క వీధిలోనే ఉంటాను కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు ఎదురుపడతాం. ఏమండీ అని పలకరించినా నేను పలుకుతాను.

సాయంత్రం ఆఖరిసారి కొండకొస దాకా ఎక్కాను. అరుగుల నిండా జనం, పొద్దు గూకుతుంటే ఫోటోలు తీసుకుంటున్నారు. నున్నటి రాతి పలక మీద 'ఆదెమ్మ పాయింట్' అని చెక్కారు. దాని మీద ఎవరో పసుపు రాశారు. కుంకుమ బొట్లు పెట్టారు. కింద రెండు నిమ్మకాయలు, ఆరిపోయిన అగరుపుల్లలు. కొత్తగా పెళ్లైనట్టున్న ఒక అమ్మాయి చెప్పులు విడిచి, కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకుంటోంది.

కళ్లు తెరిచి నన్ను చూసి నవ్వింది. "మీరు ఇక్కడివారేనా అండీ? ఈ అమ్మవారు చాలా మహిమ గల తల్లంట కదా. ఈ కొండని ఆవిడే కాపాడుతుందని మా పైపోర్షన్ వాళ్లు చెప్పారు."

"అమ్మవారు కాదమ్మా. మనిషి."

ఆ అమ్మాయికి అర్థం కాలేదు.

"నువ్వు నిలబడ్డచోటే ఆవిడ వంటిల్లు. చుట్ట కాల్చేది. అష్టాచెమ్మాలో ఓడిపోతే రెండ్రోజులు మాట్లాడేది కాదు. మొగుడు రాళ్లు కొట్టేవాడు. ఆయన కొట్టిన రాళ్లతోనే ఈ కొండ మీద సగం మెట్లు కట్టారు."

"అయ్యో. ఏమయ్యారండీ?"

"ఎండకి పోయింది. మొన్న మే నెలలో."

ఆ అమ్మాయి రాతి పలక వైపు చూసింది. పసుపైన వేళ్లని చేతిరుమాలుకి తుడుచుకుంది. చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటూ మెల్లగా అడిగింది.

"మీరు ఏ బ్లాకులో ఉంటారండీ?"

"రేపట్నుంచి కింద," అన్నాను.